చేతి వణుకుకి మాత్ర వేయకండి, ముందు అమ్మాయితో మాట్లాడండి

ప్రశ్న: మాది గుంటూరు. మా అమ్మాయికి పదిహేడేళ్లు, ఇంటర్ సెకండియర్. కాంపౌండ్ ఆర్చరీలో (కప్పీలున్న విల్లుతో ఆడేది) రాష్ట్రస్థాయి పతకాలున్నాయి, జాతీయ పోటీలకూ వెళ్లింది. రోజూ బస్సులో విజయవాడ వెళ్లి ప్రాక్టీస్ చేస్తుంది. నిరుడు 72 బాణాలకు 690 దాకా కొట్టేది, నాలుగు నెలలుగా 660 దాటడం లేదు. గురి మధ్యలోని పసుపు వలయం మీదికి రాగానే బాణం దానంతటదే వెళ్లిపోతోందంటుంది. తెల్లవారుజామున మూడింటికే లేచి కూర్చుంటుంది. అన్నం సరిగా తినదు, స్నేహితులతో మాట్లాడదు. మొన్న ‘నేను లేకపోతే మీకు ఈ ఖర్చన్నా తప్పుతుంది’ అంది. మూడు లక్షలు పెట్టి విల్లు కొన్నాం, నా నగలు బ్యాంకులో ఉన్నాయి. కోచ్ గారు మనసు గట్టి చేసుకోమంటున్నారు. మా వీధిలో డాక్టరు గారు చేతి వణుకు తగ్గడానికి మాత్ర రాసిచ్చారు, ఇంకా మొదలుపెట్టలేదు. మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్తే సెలక్షన్లలో పేరు పోతుందని మావారి భయం. వచ్చే నెల ట్రయల్స్‌కి పంపమంటారా?

సమాధానం: స్కోరు, ట్రయల్స్ కాసేపు పక్కన పెట్టండి. ‘నేను లేకపోతే’ అన్న మాట దగ్గర ఆగుదాం. కోపంలో అనేసిందిలే అని వదిలేయాల్సిన మాట కాదది. నిద్ర చెడి, తిండి తగ్గి, స్నేహితులకు దూరమైన పిల్ల నోట ఆ మాట వచ్చిందంటే అడిగి తీరాలి. ఈ రాత్రే పక్కన కూర్చుని సూటిగా అడగండి: ‘చచ్చిపోవాలని అనిపిస్తోందా అమ్మా? ఏం చేయాలో కూడా ఆలోచించుకున్నావా?’ అలా అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమో అని చాలామంది తల్లులు వెనకాడతారు. పుట్టదు. దాచుకున్నది చెప్పుకోవడానికి పిల్లకు దారి దొరుకుతుంది, అంతే. ఔనంటే తిట్టకండి, ఒట్టు వేయించుకోకండి, ‘మేం నీకోసం ఇంత చేస్తే’ అని మొదలుపెట్టకండి. ఎలా, ఎప్పుడు అన్నదాకా ఆలోచించి ఉంటే తెల్లారేదాకా ఆగవద్దు. ఆ రాత్రే గుంటూరు జీజీహెచ్ (ప్రభుత్వ పెద్దాసుపత్రి) అత్యవసర విభాగానికి తీసుకెళ్లండి, అప్పటిదాకా ఒక్కక్షణం ఒంటరిగా ఉంచకండి.

ఇంకో పని కూడా ఈరోజే చేయాలి. మిర్చి, పత్తి పండే ప్రాంతం మనది. పొలం ఉన్న ఇంట్లో పురుగుమందు డబ్బా మెట్ల కిందో, పెరట్లోనో ఉండటం మామూలు. మీ ఇంట్లో ఉంటే బయటికి పంపేయండి. అమ్మమ్మ బీపీ మాత్రలు, నిద్రమాత్రలు, పాత జ్వరం మాత్రలు అన్నీ ఒక పెట్టెలో పెట్టి తాళం మీ దగ్గర ఉంచుకోండి. చచ్చిపోవాలన్న ఆలోచన ఎక్కువమందిలో కొద్ది గంటలు ఉధృతంగా ఉండి తగ్గుతుంది. ఆ కాసేపు చేతికేమీ అందకపోతే ప్రాణం నిలుస్తుంది. అర్ధరాత్రి మీకు దిక్కు తోచకపోతే 14416కి ఫోన్ చేయండి. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన మానసిక సహాయ ఫోన్ సేవ టెలిమానస్ అది. ఇరవైనాలుగు గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు కట్టక్కర్లేదు. అమ్మాయే కాదు, మీరూ చేయవచ్చు.

ఇక అసలు సంగతి. మీరు రాసినదాంట్లో రెండు వేరువేరు సమస్యలున్నాయి. ఇంట్లో అందరూ వాటిని ఒకటిగా చూస్తున్నారు, అందుకే దేనికీ దారి దొరకడం లేదు. గురి పసుపు మీదికి రాగానే బాణం వెళ్లిపోవడాన్ని ఆర్చరీలో టార్గెట్ పానిక్ అంటారు. అది అలవాటు చెడటం. బాగా ఆడే వాళ్లకే ఎక్కువగా వస్తుంది, మనసు బలహీనం కావడానికీ దానికీ సంబంధం లేదు. మూడింటికి మెలకువ, తిండి సయించకపోవడం, ఎవరితోనూ కలవకపోవడం, తను భారమనుకోవడం, ఇవన్నీ కలిసి డిప్రెషన్ వైపు చూపిస్తున్నాయి. మొదటిది మైదానంలో కోచ్ సరిచేయాల్సింది. రెండోది డాక్టరు చూడాల్సింది. ఒకదాన్ని ఇంకొకటి పెంచుతుంది కాబట్టి వరుస ముఖ్యం. నిద్ర, తిండి కుదుటపడకుండా టార్గెట్ పానిక్ మీద పనిచేస్తే, చెడిన ప్రతి బాణం ‘నేను దేనికీ పనికిరాను’ అనడానికి ఆమెకు ఇంకో సాక్ష్యం అవుతుంది. కాబట్టి ముందు డాక్టరు, ఆ తర్వాతే విల్లు.

వీధి డాక్టరు గారు రాసిన మాత్ర పట్టీ తీసి, బ్రాండు పేరు కాదు, కింద చిన్న అక్షరాల్లో ఉన్న మందు పేరు చదవండి. ప్రొప్రనలాల్, అటెనలాల్, మెటాప్రలాల్ లాంటివి ఉంటే వేయకండి. వీటిని బీటా బ్లాకర్లంటారు. గుండె వేగం తగ్గించి చేతి వణుకు ఆపుతాయి. సరిగ్గా ఆ కారణానికే ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ ఆర్చరీలో, షూటింగ్‌లో వీటిని పోటీ రోజునే కాదు, పోటీ లేని రోజుల్లోనూ నిషేధించింది. చాలా ఆటల్లో ఇవి నిషిద్ధం కావు కాబట్టి మామూలు డాక్టర్లకు ఈ సంగతి తెలియకపోవడంలో వింత లేదు. ఆందోళనకు రాసే కొన్ని మాత్రల్లో క్లోనజెపామ్‌తోనో ఎటిజొలామ్‌తోనో కలిపి, మైగ్రేన్ మాత్రల్లో ఫ్లూనరిజిన్‌తో కలిపి ప్రొప్రనలాల్ వస్తుంది. మైగ్రేన్ మందు అనుకుని వేసుకున్నా పరీక్షలో దొరికేది అదే. జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ నాడా వారి నో యువర్ మెడిసిన్ యాప్‌లో మందు పేరు కొడితే తెలుస్తుంది. వైద్య కారణంతో మినహాయింపు అడిగే పద్ధతి ఉంది గానీ, గురి ఆటలో గురి నిలబెట్టే మందుకి అది దొరకడం చాలా కష్టం. ఎవరైనా ఇప్పటికే వారాల తరబడి వాడుతుంటే మాత్రం ఒక్కసారిగా ఆపకూడదు, గుండెకు ప్రమాదం. డాక్టరుకు చెప్పి మెల్లగా తగ్గించుకోవాలి.

మీరు వెళ్లాల్సింది సైకియాట్రిస్టు దగ్గరికి. గుంటూరు జీజీహెచ్‌లోనూ, విజయవాడ ప్రభుత్వాసుపత్రిలోనూ మానసిక వైద్య విభాగాలున్నాయి. రెండు ఊళ్లలో ప్రైవేటు డాక్టర్లూ ఉన్నారు. కౌన్సెలింగ్‌కి క్లినికల్ సైకాలజిస్టును చూసేటప్పుడు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నమోదు సంఖ్య అడగండి, ఉన్నవాళ్లు మొహమాటం లేకుండా చూపిస్తారు. వ్యక్తిత్వ వికాస తరగతులకు, స్టేజీ మీద ఉత్సాహపరిచే వక్తల దగ్గరికి ఈ స్థితిలో పంపకండి. ‘అనుకుంటే సాధిస్తావు’ అని రెండు గంటలు విన్న పిల్ల, సాధించలేనిది తన తప్పేనని ఇంకాస్త గట్టిగా నమ్మి ఇంటికొస్తుంది.

వెళ్లేముందు ఒక కాగితం రాసుకోండి: ఎప్పటి నుంచి, ఎన్ని గంటలు పడుకుంటోంది, బరువు ఎంత తగ్గింది, నెలసరి ఎలా వస్తోంది, ఏ మందులు, ఏ ప్రోటీన్ పొడులు వాడుతోంది. నెలసరి సంగతి సిగ్గుపడి వదిలేయకండి. మూడు నెలలు రాకపోతే, చేసే కసరత్తుకు సరిపడా తినడం లేదనడానికి అదో గుర్తు. తిండి చాలకపోతే ఎముకలతోపాటు మనసు కూడా దెబ్బతింటుంది. రక్తంలో హిమోగ్లోబిన్, ఫెరిటిన్, థైరాయిడ్, బి12, విటమిన్ డి చూడమని అడగండి. ఐరన్ తగ్గినా, థైరాయిడ్ మందగించినా నీరసం, దిగులు అచ్చం డిప్రెషన్‌లాగే కనిపిస్తాయి.

డాక్టరు తొమ్మిది ప్రశ్నల కాగితం ఇవ్వవచ్చు. గత రెండు వారాల్లో ఎలా ఉందన్నదానికి ఒక్కో ప్రశ్నకు 0 నుంచి 3 దాకా వేస్తారు, మొత్తం 27. పది లేదా అంతకంటే ఎక్కువ వస్తే వైద్యం గురించి మాట్లాడాలి. తొమ్మిదో ప్రశ్న చావు ఆలోచనల గురించి. మిగతావన్నీ సున్నాలైనా, ఇందులో ఒకటి పడితే ఆ రోజే వివరంగా మాట్లాడాలి. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2021లో 16 ఏళ్లు దాటిన మేటి క్రీడాకారుల కోసం ప్రత్యేకంగా ఒక పరీక్షా పత్రం తెచ్చింది. మొదట గత నాలుగు వారాల గురించి పది ప్రశ్నలు, అందులో 17 లేదా అంతకంటే ఎక్కువ వస్తే ఆందోళన, దిగులు, నిద్ర, మద్యం, మత్తు, తిండి గురించి విడివిడిగా ప్రశ్నలు. నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది, క్రీడాకారులను ఎక్కువగా చూడని డాక్టరుకు అది చూపిస్తే పని తేలికవుతుంది.

డిప్రెషన్ అని తేలితే, తీవ్రత తక్కువగా ఉంటే మాటల వైద్యంతోనే మొదలుపెడతారు. వారానికోసారి చొప్పున రెండు మూడు నెలలు పడుతుంది. మందు అవసరమైతే ఈ వయసువాళ్లలో ఎక్కువ ఆధారాలున్నది ఫ్లూఆక్సెటిన్‌కి. ఈ రకం మందులు డోపింగ్ నిషేధ జాబితాలో లేవు. ఫలితం కనిపించడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, పది రోజులకే పనిచేయలేదని ఆపేయకూడదు. మొదట్లో వికారం, నిద్ర చెదరడం, వేళ్లలో సన్నటి వణుకు రావచ్చు. మామూలు మనిషి ఆ వణుకును గమనించడు, విలుకాడు గురి చూసే స్కోప్‌లో చూస్తాడు కాబట్టి భయపడిపోతాడు. అమ్మాయికి ముందే చెప్పి ఉంచండి. పొద్దున పూట వేసుకోవచ్చా అని డాక్టరును అడగండి. ఇరవైఅయిదేళ్ల లోపువారిలో మొదటి కొన్ని వారాలు చావు ఆలోచనలు పెరిగే అవకాశం ఉంది, ఆ రోజుల్లో మీరు దగ్గరుండి కనిపెట్టాలి. బాగయ్యాక కూడా కనీసం ఆరు నెలలు కొనసాగిస్తారు. డాక్టరు చెప్పకుండా ఆపొద్దు.

మీవారి భయానికి సమాధానం చట్టంలోనే ఉంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం వైద్య వివరాలు గోప్యంగా ఉంచాలి. కోచ్‌కి గానీ ఆర్చరీ సంఘానికి గానీ రోగం పేరు చెప్పాల్సిన పనిలేదు. ‘డాక్టరు సలహా మీద కొన్ని వారాలు బాణాలు తగ్గిస్తున్నాం’ అన్నది చాలు. బీజింగ్‌లో 2008లో దేశానికి మొదటి వ్యక్తిగత స్వర్ణం తెచ్చిన షూటర్ అభినవ్ బింద్రా, ఆ పతకం తర్వాతే తను మానసికంగా కుంగిపోయానని బహిరంగంగా చెప్పారు. 2021లో టోక్యోలో పోటీ మధ్యలో తప్పుకున్న జిమ్నాస్ట్ సిమోన్ బైల్స్ చికిత్స తీసుకుని వచ్చి 2024 పారిస్‌లో మూడు స్వర్ణాలు గెలిచింది. మీ గుంటూరు కిదాంబి శ్రీకాంత్ 2018 ఏప్రిల్‌లో బ్యాడ్మింటన్‌లో ప్రపంచ నంబర్ వన్. ఆ తర్వాత ర్యాంకు దిగజారింది, 2021 డిసెంబరులో ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్ ఆడాడు. అతని కథ మనసుకి సంబంధించింది కాదు. కింద పడ్డ ఏడాదిని చూసి ఆట అయిపోయిందని లెక్క కట్టకూడదని మాత్రం మీవారికి చెప్పండి. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో కాంపౌండ్ మిక్స్‌డ్ టీమ్ మొదటిసారి ఉంటుంది. అప్పటికీ మీ అమ్మాయి వయసు చిన్నదే.

ఇప్పుడు విల్లు సంగతి. ఈ భాగం కోచ్ గారికి చూపించండి. నిద్ర కుదురుకుని, డాక్టరు సరేనన్నాక మొదలుపెట్టాలి.

టార్గెట్ పానిక్‌లో జరిగేది ఇది. గురి పసుపు మీదికి వచ్చిన క్షణానికీ, రిలీజర్ (తాడును వదిలే చేతి పరికరం) నొక్కడానికీ మెదడులో ముడి పడిపోతుంది. మొదట్లో ‘బాగుంది, ఇప్పుడే వదిలేద్దాం’ అని కావాలనే నొక్కి ఉంటుంది. వేల బాణాల తర్వాత కంటికి పసుపు కనబడగానే వేలు తనంతట తనే కదులుతుంది. కొందరిలో ఇది తిరగబడి, గురి పసుపు కింద ఎరుపులోనే బిగుసుకుపోయి పైకి రాదు. రెండూ ఒకే జబ్బు. ‘ఆగు, ఆగు, పట్టుకో’ అని వెనక నుంచి అరిస్తే ముడి ఇంకా బిగుస్తుంది. పసుపుకి భయం కూడా జతవుతుంది కదా. మ్యాచ్‌లో ఒక్కో బాణానికి 20 సెకన్ల గడియారం దానికి తోడు.

ముందు పరికరం చూడండి. డ్రా లెంగ్త్ (తాడు లాగే దూరం) అరంగుళం ఎక్కువైనా, పోటీల కోసం పౌండ్లు (విల్లు లాగే బరువు) పెంచినా భుజం నిలవక ఇవే లక్షణాలు వస్తాయి. నాలుగు నెలల కిందట విల్లు మార్చారా, బరువు పెంచారా? పెంచి ఉంటే పై లింబ్ (విల్లు వంగే కొమ్మ) బోల్టు, కింది లింబ్ బోల్టు సమానంగా వదులు చేసి నాలుగైదు పౌండ్లు తగ్గించాలి. ఆ విల్లుకు తయారీదారు పెట్టిన హద్దు దాటి తిప్పకూడదు, లింబ్ ఊడి వస్తుంది. పౌండ్లు మారితే సైట్ (గురి చూసే పరికరం) గుర్తులన్నీ మారతాయి, ఇప్పుడు వాటితో పనిలేదు కాబట్టి పట్టించుకోవద్దు.

మొదటి రెండు వారాలు సైట్ తీసేసి, ఫేస్ (రంగు వలయాల కాగితం) లేని ఖాళీ బట్ (బాణాలు దిగే దిమ్మ) ముందు మూడు మీటర్ల దూరంలో నిలబడాలి. లాగి, యాంకర్ (దవడ దగ్గర చేయి ఆగే చోటు) కుదిరాక కళ్లు మూసుకుని, వీపు కండరాలు దగ్గరికి రావడాన్ని మాత్రమే గమనిస్తూ రిలీజర్ దానంతటది తెగేదాకా లాగాలి. రోజుకు 40 బాణాలు చాలు. బట్ మీద ఒక్కో బాణం ఒక్కో చోట పడేలా చూసుకోవాలి. అంత దగ్గర్లో ఒకేచోట కొడితే బాణాలు పగిలి డబ్బు దండగ. బొటనవేలి మీటతో కొట్టేవాళ్లు ఈ రెండు వారాలకు హింజ్ రకం రిలీజర్ అరువు తెచ్చుకుంటే మేలు. నొక్కడానికి అందులో మీటే ఉండదు. కానీ దాన్ని విల్లు మీద కాక ముందు తాడు ఉచ్చుతో కనీసం వందసార్లు సాధన చేయాలి, లేకపోతే లాగుతుండగా తెగి పిడికిలి మూతికి తగులుతుంది.

ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. నాలుగు రోజులకే చేయి హాయిగా ఉంటుంది, బాగైపోయిందని యాభై మీటర్లకు వెళ్లిపోతారు, మొదటి బాణానికే పాత జబ్బు తిరిగొస్తుంది. రెండోసారి మొదలుపెట్టేటప్పుడు నమ్మకం కూడా పోయి ఉంటుంది. కోచ్‌లు ఓపిక పట్టాల్సింది ఇక్కడే.

మూడో వారం సైట్, ఫేస్ పెట్టాలి, వాటి మీద బాణం వదలకూడదు. గురి పసుపు మీద అయిదు నుంచి ఏడు సెకన్లు నిలిపి, వేలు మీట వెనక ఉంచి, బాణం మొన బట్ వైపే ఉండగా మెల్లగా దించేయాలి. నాలుగుసార్లు దించాక ఒకసారి ఖాళీ బట్ మీద కొట్టాలి. పసుపు కనబడినా ఏమీ చేయనక్కర్లేదని కంటికి, వేలికి నేర్పడం ఇది. తర్వాత పది మీటర్లలో 80 సెంటీమీటర్ల ఫేస్ మీద, అది కుదిరాక 18, 30, 50 మీటర్లు. స్కోరు రాయకూడదు. నోటు పుస్తకంలో ప్రతి బాణానికి ‘తనంతట తెగింది’, ‘నొక్కేశాను’ అని టిక్కులు మాత్రమే. పదింటిలో తొమ్మిది తనంతట తెగినవి వరసగా రెండు రోజులు వస్తే ముందు దూరానికి, లేకపోతే వెనక దూరానికి. ఎన్ని వారాలని అడగకండి. రెండు నెలలు త్వరగా అయినట్టే.

ఒకవేళ అన్నం కలిపేటప్పుడో, రాసేటప్పుడో కూడా చెయ్యి తిరగడం, వేళ్లు బిగుసుకోవడం కనిపిస్తే ఇదంతా ఆపి న్యూరాలజిస్టుకు చూపించండి, అది కండరాల నాడుల సమస్య కావచ్చు.

గుంటూరు నుంచి విజయవాడకు 35 కిలోమీటర్లు. పొద్దున లేచి కాలేజీ, సాయంత్రం బస్సు, రాత్రి తొమ్మిదికి ఇల్లు, ఆపైన చదువు. ఈ వయసు క్రీడాకారిణికి ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలి, మీ అమ్మాయికి ఆరు కూడా దొరకడం లేదనుకుంటాం. ఈ రెండు నెలలూ వారానికి మూడు రోజులే విజయవాడ పంపండి. మూడు మీటర్ల బట్ పని గుంటూరులోనే ఎక్కడైనా సురక్షితమైన చోట చేసుకోవచ్చు, దాని కోసం జాతీయస్థాయి మైదానం అక్కర్లేదు. ఇంటర్ పరీక్షలతోపాటు ఎంట్రన్స్ కోచింగ్ కూడా ఉంటే, ఈ ఏడాదికి రెండిట్లో ఒకటి వదలాలి. ఏది వదలాలో ఆమెనే అడగండి.

ఇంట్లో రెండు మార్పులు. మైదానం గేటు దగ్గర ‘ఎంత కొట్టావు?’ అని అడగడం మానేయండి, ‘ఆకలేస్తోందా?’ అనండి. చుట్టాల వాట్సాప్ గ్రూపులో స్కోర్లు పెట్టడం ఆపేయమని మీవారికి చెప్పండి. విజయవాడలో పెరిగిన జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు గెలిచినప్పటి నుంచి ఇక్కడ కాంపౌండ్ విల్లు పట్టిన ప్రతి ఆడపిల్లనూ ఆమెతో పోలుస్తున్నారు. సురేఖ మీద గౌరవంతోనే అంటున్నా, ఆ పోలిక మీ ఇంట్లో వద్దు. నగల సంగతి కూడా సూటిగా మాట్లాడండి: ‘అప్పు మా నిర్ణయం, తీర్చేది మేం, విల్లు అమ్మేసినా నీ మీద బాకీ లేదు.’ ఈ మాట తండ్రి నోట వినాలి. ‘ఈ ఖర్చన్నా తప్పుతుంది’ అన్నది ఆయన నగల రసీదు చూసే ముఖం చూసి ఉండవచ్చు.

ట్రయల్స్‌కి పంపకండి. ఇంకో నెలలో ఆమె యాభై మీటర్లకు చేరే అవకాశమే లేదు. మెడికల్ సర్టిఫికెట్ తీసుకుని ముందుగానే సంఘానికి ఇవ్వండి, చెప్పకుండా మానేస్తేనే పేరు చెడుతుంది. ట్రయల్స్ రోజున ఆమె స్నేహితురాళ్లు ఫొటోలు పెడతారు, ఆ రోజు ఇంట్లో ఒంటరిగా ఉంచకండి. తిరిగి పోటీకి వెళ్లేటప్పుడు మొదట జిల్లా పోటీ, అదీ పుస్తకంలో టిక్కులు రాసుకోవడానికే. ఆరు వారాల వైద్యం తర్వాత కూడా తెల్లవారుజామున మూడింటికే లేస్తుంటే అదే డాక్టరుకు మళ్లీ చెప్పండి, మందు మార్చడమో, ఇంకొకరి అభిప్రాయం తీసుకోవడమో మామూలే. అమ్మాయి ఆర్చరీ మానేస్తానంటే డిప్రెషన్ తగ్గేదాకా ఆ నిర్ణయం వాయిదా వేయమనండి. తగ్గాక కూడా అదే అంటే ఒప్పుకోండి.